చివరి నల్ల ముక్క

మా ఇంట్లో అమ్మ ఫోటోలు మూడున్నాయి. రెండు చీరలున్నాయి. అట్ట ఊడిన కీర్తనల పుస్తకం ఉంది. అమ్మ గొంతు మాత్రం లేదు. ఆమె కామెర్లతో పోయేనాటికి నాకు పదకొండేళ్లు, చెల్లెకు ఏడాదిన్నర. చెల్లెకు ఊహ తెలిసినప్పటి నుంచి ఒకటే ప్రశ్న.

"అక్కా, అమ్మ మాట ఎట్లుండె?"

"నీ లెక్కనే ఉండె."

ప్రతిసారీ ఇదే చెప్పాను. అది అబద్ధం. అమ్మ ముఖం నాకు గుర్తుంది, రొట్టెలు కొట్టే చేతులు గుర్తున్నాయి, తల దువ్వేటప్పుడు జడ ఎంత గట్టిగా లాగేదో కూడా గుర్తుంది. గొంతు మాత్రం ఎప్పుడు మరిచిపోయానో నాకే తెలియదు. ఆ మాట చెల్లెతో చెప్పడానికి సిగ్గేసేది. నాయనను అడుగుదామంటే ఆయన అమ్మ ఊసెత్తితే లేచి బర్రె దగ్గరికి వెళ్లిపోయేవాడు.

నేను పెళ్లి చేసుకోలేదు. నారాయణఖేడ్‌లో నాయన దగ్గరే ఉండి, చెల్లెను పెంచి, బడిలో పంతులమ్మగా కుదురుకున్నాను. నా నోరు మా వాడకంతా తెలుసు. ఇంటి వెనక నుంచి గట్టిగా పిలిస్తే నాయన ఒక్కోసారి ఉలిక్కిపడి, చేతిలో పని ఆపి, అట్లాగే నిలబడిపోయేవాడు. నా నోటికి భయపడుతున్నాడని నవ్వుకునేదాన్ని.

తెలంగాణ వస్తుందా రాదా అని ఊరంతా టీవీల ముందు కూర్చున్న చలికాలం అది. ఏటా అమ్మ పోయిన రోజున మా ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక జరుగుతుంది. పాస్టరు వచ్చి ప్రార్థన చేస్తాడు, చుట్టాలు భోజనం చేసి వెళ్తారు. ఆ ఏడు పాతికేళ్లు నిండుతున్నాయి. జహీరాబాద్‌లో నర్సుగా చేస్తున్న చెల్లె ఫోన్ చేసి అడిగింది.

"చిన్నమ్మ పెండ్లి క్యాసెట్ ఉన్నది గదా అక్కా. అమ్మ ఉన్నకాడికి తీసి, కూడికల అందరికీ చూపిద్దాం. జర చెవి పెట్టి విను. పాట కింద ఎక్కడన్న అమ్మది ఒక్క మాటన్న వినవడ్తదేమో చూడు."

"ఉంటే పట్టుకుంట పో" అని మాటిచ్చాను.

చిన్నమ్మ అంటే అమ్మ చెల్లెలు. ఆమె పెళ్లి మా ఖేడ్ చర్చిలో, అమ్మ పోవడానికి నాలుగు నెలల ముందు జరిగింది. పెళ్లికొడుకు వాళ్లది బీదర్, వీడియో తీసే మనిషిని అక్కడి నుంచే వెంట తెచ్చుకున్నారు. ఆ రోజుల్లో పెళ్లి వీడియో అంటే పాటల వీడియో. "మాటలుంచాల్నా, పాటలు పెట్టాల్నా?" అని ఆయన అడిగితే పెద్దలందరూ ఏకకంఠంగా పాటలే అన్నారట. జనం గోల ఎవరు వింటారు? ఆయన అదే క్యాసెట్ మీద మాటలు చెరిపేసి, వరసగా పాటలు ఎక్కించి ఇచ్చాడు. అందులో అమ్మ నవ్వుతుంది, ఎవరినో కసురుతుంది, చేతులు జోడించి ప్రార్థన చేస్తుంది. నోరు కదులుతూ ఉంటుంది, పాట వినిపిస్తూ ఉంటుంది.

ఉన్నది ఆ ఒక్క క్యాసెట్టే. చిన్నమ్మ నుంచి మా ఇంటికి చేరేసరికి దానికి బూజు పట్టింది. హైదరాబాద్‌లో పాత క్యాసెట్లను డిస్కులోకి ఎక్కించే దుకాణం కనుక్కుని పంపితే, ఆయన డిస్కు మీద నల్ల మార్కర్‌తో మా ఊరిపేరు రాసి, క్యాసెట్‌తో సహా తిప్పి పంపాడు. "గిది ఒక్కసారి తిరిగిందమ్మా, అదే ఎక్కువ. ఇంకోసారి మిషన్‌ల పెడితే తెగుతది. డిస్కు భద్రం" అని ఫోన్‌లో చెప్పాడు. నేను సరే సరే అన్నాను. అప్పటికి కూడికకు పన్నెండు రోజులుంది.

నాకు కంప్యూటర్‌లో మార్కుల జాబితా కొట్టడం వచ్చు, అంతకు మించి రాదు. బస్టాండ్ దగ్గర ఇంటర్‌నెట్ సెంటర్ నడిపేవాడు నాతో పదో తరగతి చదివినవాడే, అతని దగ్గరికి వెళ్లాను. వీడియో కత్తిరించి అతికించడానికి ఏ సాఫ్ట్‌వేర్ కావాలని అడిగితే మొదట పెద్దది తెరిచాడు. తెర నిండా కిటికీలు, కిటికీల్లో మీటలు, కింద బొమ్మల పట్టీ, ఆ పట్టీ కింద సన్నగా లేచి పడే ఆకుపచ్చ గీతలు.

"ఏందివి?" అన్నాను.

"సౌండ్. మాట ఎక్కడున్నదో గీ గీతలు చూస్తే తెలుస్తది. మాట ఉంటే లేస్తయ్, లేకుంటే పండుకుంటయ్."

"నాకు గీతలెందుకు? అందులో ఉన్నవన్నీ పాటలే. ఇది నేర్చుకునేసరికి ఇంకో పాతికేండ్ల కూడిక వస్తది. అలకది, జల్దీ వచ్చేది చూపెట్టు."

రెండోది ఉచితంగా దొరికింది గానీ, తయారైన సినిమా మీద దాని కంపెనీ పేరు అడ్డంగా పడుతోంది. అమ్మ నుదుటి మీద ఎవరిదో పేరు నేను ఒప్పుకోలేదు. మూడోది కంప్యూటర్‌తో పాటే వచ్చేది. వీడియోను అదే ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక డబ్బా గీసి, డబ్బా మీద బొమ్మ చూపిస్తుంది. కావాల్సిన డబ్బా ఉంచు, వద్దన్నది పారెయ్. రెండో తరగతి పిల్లలు బొమ్మలు వరసలో పెట్టినంత సులువు. పొరపాటు చేస్తే వెనక్కి తీసుకునే మీట కూడా ఉంది. నా ప్రాణం లేచొచ్చింది.

"దీంట్ల బొమ్మనే కనవడ్తది టీచరమ్మా, మాట కనవడది. ఆలోచించుకో" అన్నాడు.

"ఆలోచించిన. ఇదే చాలు" అన్నాను. నాకు తెలియదని ఒప్పుకోవడం నాకు పుట్టుకతో రాలేదు.

డిస్కులోని వీడియో మొత్తం మా ఇంటి కంప్యూటర్‌లోకి దించి పనికి కూర్చున్నాను. మొదటిరోజు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాటల కింద అమ్మ మాట కోసం వెతికాను. పది నిమిషాలు విన్నాను. సన్నాయి, డప్పు, ఎవరో పాడుతున్న పాట. ఇంకేమీ లేదు. కరెంటు పోయింది. వచ్చాక మళ్లీ కూర్చున్నాను గానీ వినలేదు. నోటుబుక్కులు దిద్దాలి, బడి చూసుకోవాలి, కూడికకు బియ్యం చూడాలి. పది నిమిషాల్లో లేనిది గంటన్నరలో ఎక్కడుంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ పాటల గోల మొత్తం ఒక్క మీటతో ఆపేసి, దాని మీద అమ్మకు ఇష్టమైన కీర్తన పెట్టాను. అంటే ఆ బీదర్ మనిషి చేసిన పనే నేనూ చేశాను.

ఇక బొమ్మలు చూస్తూ డబ్బాలు ఏరాను. అమ్మ ఉన్నవి ఉంచాను, లేనివి తీసేశాను. వరసలో అట్టడుగున ఒక డబ్బా మిగిలింది, నిండా నలుపు. టేపు అయిపోయాక మిగిలిన ఖాళీ అనుకున్నాను. దాన్ని పారేసినప్పుడు క్షణం కూడా చెయ్యి ఆగలేదు.

సినిమా తయారుచెయ్యమంటే కంప్యూటర్‌లో జాగా చాలదని రెండుసార్లు మొరాయించింది. ఎట్లాగో అయింది. దాన్ని డిస్కులోకి ఎక్కించడంలో మళ్లీ తంటా. ఒకటి సగంలో ఆగింది, ఒకటి టీవీలో తిరగలేదు, ఒకదాంట్లో బొమ్మ వచ్చి కీర్తన రాలేదు. పాడైన డిస్కులు బల్ల మీద కుప్పయ్యాయి. ఆఖరికి ఒకటి సరిగ్గా వచ్చిన సాయంత్రం, జాగా కోసం కంప్యూటర్‌లో దించుకున్న అసలు వీడియోను తుడిచేశాను. దుకాణం డిస్కు బల్ల మీదే ఉంది కదా అన్న ధీమా. అప్పుడే నాయన తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"బిడ్డా, గీ డిస్కులు పనికొస్తయా?"

నేను తెర మీంచి తల తిప్పలేదు. "ఏం పనికిరావు. అన్నీ తీస్కపో, నన్ను సతాయించకు."

ఆయన తీసుకుపోయాడు.

కూడిక ఆదివారం వచ్చింది. పాస్టరు ప్రార్థన చేశాడు, భోజనాలు అయ్యాయి, ముందుగదిలో చాపలు పరిచి టీవీ పెట్టాను. అమ్మ నవ్వుతుంటే ముసలివాళ్లు కళ్లొత్తుకున్నారు. చెల్లె టీవీకి జానెడు దూరంలో కూర్చుని రెప్పవేయకుండా అమ్మ నోటినే చూసింది. అయిపోయాక నావైపు తిరిగింది.

"మాట దొరకలేదా అక్కా?"

"మొత్తం విన్న. లేదు" అన్నాను. రెండో అబద్ధం.

బీదర్ నుంచి వచ్చిన చిన్నమ్మ గోడకు ఆనుకుని వక్క నములుతోంది. "మరి ఆఖర్న అక్క కొట్లాడేదేమాయె?" అంది.

గదిలో అందరూ ఆమె వైపు చూశారు.

"ఏం కొట్లాట?" అన్నాను.

"గదే, వీడియో తీసేటాయనతోని. పాటలన్నీ అయిపోయినంక బొమ్మ రాదు, నల్లగుంటది. కెమెరా బంద్ చేసుడు మర్సి సంచిల పెట్టిండు కావచ్చు. అక్క మాట సాఫ్ వస్తది. పెండ్లైన కొత్తల మా అత్తోళ్లింట్ల వీసీఆర్ ఉండె గదా, అమ్మింటి మీద మనసైనప్పుడల్లా అదే పెట్టుకోని ఇంటుంటి. మీకు తెల్వదా? మీకెర్కే అనుకున్న."

నిండా నల్లగా ఉన్న ఆ డబ్బా కళ్ల ముందు కదిలింది. చెల్లె లేచి నిలబడింది.

"పెట్టక్కా. అది పెట్టు."

"దీంట్ల లేదే. నేను తీసేసిన."

"అసలుది ఉంటది గదా?"

బల్ల దగ్గరికి ఉరికాను. బల్ల మీద దుమ్ము తప్ప ఏమీ లేదు. సొరుగులు లాగాను, పుస్తకాలు దులిపాను. దుకాణానికి ఫోన్ చేస్తే "వారమే ఉంచుతమమ్మా, తర్వాత తుడిచేస్తం" అన్నాడు. చెల్లె నా వెనకే తిరుగుతూ, నేను దులిపిన పుస్తకాలనే మళ్లీ దులుపుతోంది. తిట్టినా బాగుండేది. అప్పుడు నాయన గుమ్మంలోంచి మెల్లగా అన్నాడు.

"ఆ డిస్కులా బిడ్డా? జొన్నచేన్ల కట్టిన. చిలకలు కంకుల మీద పడ్తున్నయని."

మా దగ్గర జొన్న పాలుపోసుకునే రోజుల్లో పాత డిస్కులకు దారం కట్టి చేలో వేలాడదీస్తారు. ఎండకు తళుక్కుమంటే పిట్టలు బెదురుతాయి. బడిలో పిల్లలు డిస్కు కనిపిస్తే "మా చేనుకు ఇయ్యున్రి టీచర్" అని అడిగేవాళ్లు, నేనే ఎన్నోసార్లు ఇచ్చి పంపాను. అమ్మ గొంతు అయిదు రోజులుగా మనూర్ దారిలో మా చేలో పిట్టలను బెదిరిస్తోంది.

చుట్టాలను చిన్నమ్మకు అప్పగించి ఆటో ఎక్కాము, నేను, చెల్లె, నాయన. చెల్లె ఆరింటి బస్సుకు జహీరాబాద్ వెళ్లాలి, తెల్లారితే డ్యూటీ. చేనంతా మెరుస్తోంది. గాలికి డిస్కులు తిరుగుతూ కంకులకు కొట్టుకుని టకటకమంటున్నాయి. నేనూ చెల్లె చెరో సాలులోకి దూరాము. జొన్నాకు చేతులు కోస్తున్నా ఒక్కోటీ తెంపి కొంగులో వేసుకున్నాను. మార్కర్ రాత కోసం తిప్పి తిప్పి చూశాను. అన్నీ ఒకే తీరుగా తెల్లబడ్డాయి, దేని మీదా రాత లేదు. మంచుకూ కంకుల రాపిడికీ చెరిగిపోయింది.

"పనికిరావన్నవ్ గద బిడ్డా" అన్నాడు నాయన, గట్టు మీద నిలబడి. ఆయన గొంతులో కోపం లేదు. అందుకే నాకు ఏడుపొచ్చింది.

అటు నుంచి అటే బస్టాండ్ దగ్గరికి వెళ్తే, ఇంటర్‌నెట్ సెంటర్ నడిపే మా క్లాస్‌మేట్ ఆదివారమైనా మా కోసం షట్టర్ ఎత్తాడు. డిస్కులను తడిగుడ్డతో తుడిచి ఒక్కొక్కటే పెట్టడం మొదలుపెట్టాడు. మొదటిది నేను పాడుచేసింది. రెండోది ఖాళీ. మూడోది ఎవరిదో బైబిల్ కథల డిస్కు, నాయన ఎక్కడ తెచ్చాడో. ఇంకొకటి పెట్టగానే పెట్టె లోపల గరగర శబ్దం వచ్చి, చాలాసేపు ఆగి, తెర మీద చిన్నమ్మ పెళ్లి ఊరేగింపు కనిపించింది. చెల్లె నా మణికట్టు పట్టుకుంది.

"సంబురపడకున్రి" అన్నాడు అతను. "డిస్కు లోపట్నుంచి బయటికి చదువుతది. మీకు కావల్సింది ఆఖరుది. ఆఖరుదంటే అంచుకు ఉంటది. కంకులకు కొట్టుకున్నది గా అంచే. ఇంకోటి, పావు తక్కువ ఆరుకు కరెంటు పోతది. నా ఇన్వర్టర్ పది నిమిషాలు ఆగితే గొప్ప."

గోడ గడియారంలో అయిదు దాటింది. గీతలు పడ్డచోట ఆగకుండా దాటుకుంటూ చదివే పద్ధతి ఏదో పెట్టి కాపీ మొదలుపెట్టాడు. కాపీ ఎంతయిందో చూపే పచ్చపట్టీ సగందాకా ఉరికింది. తర్వాత నడిచింది. తర్వాత పాకింది. ముప్పావు వంతు దాటాక ఆగింది. పెట్టెలోంచి గరగర, ఆగడం, మళ్లీ గరగర. చెల్లె బస్సు సంగతి గుర్తుచేద్దామని నోరు తెరిచి మూసుకున్నాను. పట్టీ వెంట్రుకవాసి కదిలింది. ఫ్యాన్ ఆగింది. కరెంటు పోయింది.

ఇన్వర్టర్ కూతపెట్టి అందుకుంది. గది చీకటిగా, తెర ఒక్కటే వెలుగుతూ ఉంది. అది ఎప్పుడు ఆరిపోతుందోనని నేను ఇన్వర్టర్ కూతలు వింటూ నిలబడ్డాను. పట్టీ మరో రెండుసార్లు ఆగి, చివరికి ముట్టింది.

"అలకదాంట్ల తెరువనా?" అన్నాడు మా క్లాస్‌మేట్.

"పెద్దదాంట్లనే తెరువ్" అన్నాను.

వీడియోను చివరికి జరిపాడు. నల్లటి పట్టీ వచ్చింది. చాలాచోట్ల చిరిగి గళ్లు గళ్లుగా ఉంది. దాని కింద గీత పడుకునే ఉంది. కొంచెం జరిపాడు, ఇంకా పడుకునే ఉంది. ఇంకొంచెం జరిపాడు. గీత లేచింది, పడింది, మళ్లీ లేచింది.

చెల్లె తెర మీద వేలు పెట్టింది. "గిది మాటనా?"

"మాటనే. నొక్కనా?"

"ఆగు" అంది చెల్లె. కుర్చీ లాక్కుని తెరకు దగ్గరగా కూర్చుంది. "ఆఁ, నొక్కు."

బరబరమని ఏదో ఒరుసుకున్న శబ్దం. ఆ వెనక ఆడమనిషి గొంతు, దగ్గరగా, చిరాగ్గా:

"అప్పుడే మూట గడ్తున్నవేంది? పొద్దటికెల్లి ఊరోళ్లందర్నీ తీసినవ్. నా చిన్నబిడ్డనొక్కదాన్ని తియ్యకపోతివి."

ఎవరో మగమనిషి, "క్యాసెట్ అయిపోయిందమ్మా."

"ఎందుకైపోతది? నీకు తిండికాడ అయిపోలే గదా? ఇగో, ఎత్తుకొచ్చిన. ఒక్కసారి దీన్ని సూడు. ఏయ్, ఇటు సూడవే, మామను సూడు..."

ఒక పసిపిల్ల కిలకిలమంది. తర్వాత గరగర. తర్వాత ఏమీ లేదు. గీత పడుకుంది.

అమ్మతో కలిసి చెల్లె ఉన్న ఫోటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. చిన్నపిల్లను ఎవరూ తియ్యలేదని చెల్లె ఎన్నోసార్లు బాధపడింది. ఆ నవ్వు ఎవరిదో నేను చెప్పాల్సిన పనిలేదు. చెల్లె ఏడుస్తుందనుకుని భుజం మీద చెయ్యివేశాను. ఆమె ఏడవడం లేదు, వింతగా నన్నే చూస్తోంది.

"నా లెక్క ఉండె అన్నవ్ గదా అక్కా" అంది. "నా లెక్క లేదు. నీ లెక్కనే ఉన్నది."

"నా లెక్కనా?"

"నువ్వు నన్ను తిట్టే తిట్టే గిది. ఇన్నేండ్ల సంది నేను ఇన్నదే."

నమ్మకం కుదరక నాయన కోసం చూశాను. గడప మీద, దారాల చిక్కు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఈసారి ఆయన ఉలిక్కిపడలేదు. అవునన్నట్టు తల ఊపి, దారాలు విప్పుకోవడంలో పడ్డాడు.

ఇన్వర్టర్ కూత పొడుగైంది. మా క్లాస్‌మేట్ హడావిడిగా ఆ ముక్కను పెన్‌డ్రైవ్‌లోకి ఒకటికి రెండుసార్లు దించి చెల్లె చేతిలో పెట్టాడు. బయట ఆరింటి బస్సు హారన్ వినిపించింది. చెల్లె కుర్చీలోంచి కదలలేదు.

"ఏందే, ఇంక కూసునే ఉంటివి? బస్సు పోతది, లే జల్దీ" అని అరిచాను.

అరిచాక ఆ గొంతు నాకే వినిపించింది.

"ఇంకోసారి అను" అంది చెల్లె.